చింతపండుతో తోమిన రివాల్వర్

"దీన్ని చింతపండుతో తోమింది ఎవరమ్మా?"

తుపాకుల దుకాణం పెద్దమనిషి ఆ మాట అడగ్గానే నాకు తల కొట్టేసినంత పనయింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి పెన్షన్ తింటున్న దాన్ని. చేతిసంచిలో మా నాయిన రివాల్వర్, లైసెన్సు కాగితాలు, ఒక నీళ్ల సీసా పెట్టుకుని, నల్లగండ్ల నుంచి క్యాబ్‌లో నగరం నడిబొడ్డుకు పోయి, ఆ గాజుబల్ల ముందు తప్పు చేసిన పిల్లలా నిలబడ్డాను. నాయిన పోయాక లైసెన్సు అమ్మ పేరు మీదికి, అమ్మ పోయాక నా పేరు మీదికి మారింది. అప్పటి నుంచి ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రావాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. స్టేషన్లో ఉన్న కానిస్టేబుల్ ప్రతిసారీ ఒకటే అడుగుతాడు. "ఇది పని చేస్తదా మేడం?" చేస్తదని నేనూ ప్రతిసారీ బెదిరిస్తాను. మోకాళ్ల నొప్పులతో ఇంక ఈ తిరుగుడు నా వల్ల కాదు, అమ్మి పారేద్దామనుకున్నాను. పాత ఇంగ్లీషు రివాల్వర్లకు మంచి ధర పలుకుతుందని ఎవరో చెప్పారు కూడా.

"మా అమ్మ" అన్నాను చివరికి.

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. గుండుసూది తీసుకుని గొట్టం మీద చెక్కిన అక్షరాల్లో గీకితే పసుపు రంగు పొడి రాలింది. దాన్ని వేలికి అద్దుకుని వాసన చూసి, నా మొహం చూశాడు. "పసుపు! అమ్మా, నలభై ఏండ్ల సంది ఈ దుకాణంల కూసుంటున్న. తుప్పు చూసిన, నెత్తురు గిట్ల చూసిన. తుపాకీల పసుపు మాత్రం ఇయ్యాలనే చూస్తున్న."

ఇంక ఆయన మొదలుపెట్టాడు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీని మీద నీలం కలిసిన నలుపు ఉంటుందట. ఆ నలుపు అరిగి, అక్కడక్కడ మచ్చలు పడ్డా ఫికర్ లేదట. ముసలిదైంది కాబట్టి అరిగింది అనుకుంటారట. తోమి తెల్లగా చేస్తే మాత్రం సగం ధర అక్కడే పోయిందట. పిడికి వేసిన చెక్క కూడా అసలుది కాదు. పాతది పగిలితే మా ఊరి వడ్ల బ్రహ్మయ్య నాగలికి మిగిలిన ముక్కతో చేసి బిగించాడు. దాని మీద చక్కగా ఒక పువ్వు కూడా చెక్కాడు. "పువ్వు!" అన్నాడు దుకాణం ఆయన. "పాత సామానుకు కొత్త సోకులు చేస్తే కొనేటోడు ఆమడ దూరం పోతడమ్మా. పగిలిన చెక్కనే ఉంచితే మంచిగుండు."

నాకు అమ్మ మీద జాలి వేసింది. మా ఊరు మాదాపూర్ పక్కనే ఉండేది. ఉండేది అంటున్నాను గాని, ఇప్పుడు దాని పేరు ఒక బస్టాపుకు కూడా మిగల్లేదు. నాయిన ఆ ఊరికి పోలీసు పటేలు. రివాల్వరు ఆయనకు జాగీర్దారు ఇచ్చిన ఇనాం. ఏడాదంతా సందూకలో ఎర్ర రుమాలులో చుట్టి ఉండేది. దసరా ముందురోజు ఇంట్లో ఉన్న ఇనుమూ ఇత్తడీ అంతా వాకిట్లోకి వచ్చేది. కొడవళ్లు, గడ్డపార, నాగటి కర్రు, కత్తిపీట, వాటి పక్కన రివాల్వరు. అమ్మ పీట వేసుకుని, కొంగు బిగించి, చింతపండు గుజ్జూ ఇటుక పొడీ కలిపి కొబ్బరి పీచుతో ఒక్కొక్కటే రుద్దేది. చింతపండు పులుపు, తడి ఇటుక వాసన, ఆ పక్కనే పొయ్యి మీద కాగుతున్న బెల్లం పాకం వాసన కలిస్తే మాకు దసరా. మొదటి ఏడు రివాల్వరు నలుపు వదలకపోతే అది మసి అనుకుని ఇంకా గట్టిగా రుద్దిందట. పెళ్లయిన కొత్త. నాయిన చూసి నోరు తెరిచి, దేవుడి పని కదా అని మూసుకున్నాడట. ఆ తరువాత ఇరవై దసరాలు. చివరికది గంజి చెంబులాగా మెరిసేది. జమ్మి నాడు పీట మీద పెట్టి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్కన చిల్లులు లేని తమలపాకు ఏరి పెట్టేది.

నాయిన నోరు మూసుకోవడం మాత్రం అరుదు. ఆయన కోపం గురించి మా చుట్టుపక్కల ఊళ్లల్లో చెప్పుకునేవాళ్లు. పప్పులో ఉప్పు తగ్గితే కంచం వాకిట్లో పడేది. మా ఇంట్లో సొట్ట లేని చెంబు ఉండేది కాదు. పొద్దున చుట్ట వెలిగించుకుని, ఖాకీ కోటు తొడుక్కుని, చావడి దిక్కు నడుస్తుంటే అరుగుల మీది మనుషులు లేచి నిలబడేవాళ్లు. నన్ను ఏనాడూ ఒక మాట అనలేదు. ఆయన కోపమంతా అన్నకే వడ్డించేవాడు.

అన్న నాకంటే పదేళ్లు పెద్ద. నగరంలో కాలేజీ. అరవై తొమ్మిదిలో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, కాలేజీలూ బడులూ మూతబడ్డాయి. తెలంగాణ కావాలని పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. నాకు తెలిసిందల్లా బడి లేదని, బస్సు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు రాదో తెలియదని, అన్న ఇంటికి వచ్చినప్పుడల్లా గొంతు బొంగురు పోయి వచ్చేవాడని. నగరంలో పోలీసులు కాల్పులు జరుపుతున్నారని చావడిలో చెప్పుకునేవాళ్లు. నాయినేమో పోలీసు పటేలు. ఠాణా నుంచి మనిషి వచ్చి, నీ కొడుకును కట్టేసుకుంటవా, మమ్మల్ని కట్టెయ్యమంటవా అని అడిగి పోయాడు. ఆ సాయంత్రం తండ్రీకొడుకులకు మాట మాట పెరిగింది. నాయిన సందూక తెరిచి రివాల్వరు అందుకున్నాడు. అమ్మ ఆయన చేతికి గబ్బిలంలా వేలాడింది. అది అంతటితో ఆగింది. నాయిన పోయి గొడ్ల కొట్టంలో ఎద్దు పక్కన కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. తలుపు సందులోంచి చూస్తే తన కుడిచేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

అసలు సంగతి ఆ తరువాత వారానికి. మండుటెండాకాలం. పెద్ద ఊరేగింపు ఉంది, దానికి పోతున్నానని అన్న పొద్దున్నే తయారయ్యాడు. నాయిన గడప బయట నిలబడి రివాల్వరు మడత విప్పాడు. చక్రంలో ఆరు తూటాలూ ఇత్తడి బిళ్లల్లా మెరిశాయి. అన్నకు కనబడేటట్టు చూపించి మూశాడు.

"గడప దాటితే కాలుస్త."

"కాల్చు" అన్నాడు అన్న. కాళ్లకున్న కొత్త తోలు చెప్పులు విడిచి గడప దగ్గరకు నెట్టాడు. "గివి నువ్వు కొనిచ్చినవే గద. నీ చెప్పులు నీకే." ఉత్త కాళ్లతో దాటాడు.

నాయిన నొక్కాడు. టక్కుమంది. అంతే. అన్న ఆగలేదు. నాయిన మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కు. అమ్మ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్న వెనక్కి తిరిగి నాయిన మొహం ఒక్కసారి చూసి, గుట్టల దారిన పోయాడు. మళ్లీ ఆ ఇంట్లో అడుగుపెట్టలేదు.

తూటాలు చెమ్మగిల్లాయి, అందుకే పేలలేదు అని ఊరు ఊరంతా అంది. కిందటి దసరాకు అమ్మ తూటాలను కూడా పసుపునీళ్లలో కడిగింది మరి. "నా చింతపండు, నా పసుపు నా కొడుకును కాపాడింది" అని ఆమె పోచమ్మకు కోడిని కోసింది, చచ్చేదాకా ఆ మాటే చెప్పింది. నాయిన ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం తలకు రుమాలు కూడా చుట్టుకోకుండా ఎటో పోయి వచ్చాడు. సాయంత్రానికి గడప దగ్గర చెప్పులు లేవు. కోపంతో ఏ చెరువులోనో విసిరేసి ఉంటాడని అమ్మ అంది. అన్న నగరంలోనే ఉండిపోయి, చదువు ముగించి, ఒక ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. నాయిన ఊళ్లో లేనప్పుడు వచ్చి అమ్మను వాకిట్లోనే చూసి పోయేవాడు. నాయిన పోయిన రోజు రోడ్డు మీద నిలబడ్డాడు గాని లోపలికి రాలేదు. మా పెదనాయిన కొడుకు తలకొరివి పెట్టాడు. నేనూ తప్పు పట్టలేదు. కన్నకొడుకు మీద రెండుసార్లు నొక్కిన మనిషికి ఎవరు కొరివి పెడతారు? నాయిన నన్ను ఎంత ముద్దుగా చూసుకున్నా ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు ఆ టక్కు వినిపించేది. పెళ్లయి పోయేదాకా వినిపించింది.

చాలా ఏళ్లకు ఉద్యమం మళ్లీ వచ్చింది. అప్పటికి మా ఊరి గుట్టలు పేలిపోయి అద్దాల ఆఫీసులయ్యాయి. అన్న రిటైరయి మణికొండలో ఉంటున్నాడు. అక్కడ రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేస్తే రోజూ పోయి కూర్చునేవాడు. ఒకరోజు టిఫిన్ పట్టుకుని పోతే మైకులో అన్న గొంతు. "మా నాయిన నా మీద తుపాకీ పేల్చిండు. రెండుసార్లు. నేను ఆగిన్నా? ఆగలె. సక్కగ ఊరేగింపుకు పోయిన. మరి మీరెందుకు భయపడుతున్నరు?" సాఫ్ట్‌వేర్ పిల్లలు మెడలో ఐడీ కార్డులతో నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకడు వచ్చి అన్న కాళ్లకు మొక్కాడు. నేను కూడా గర్వపడ్డాను. ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఇదంతా దుకాణం ఆయనకు చెప్పలేదు లెండి. మా అమ్మ తూటాలు కూడా కడిగేదని మాత్రం నవ్వుతూ అన్నాను. ఒకసారి పేలకుండా చేసింది కూడా ఆ కడుగుడేనని.

ఆయన నవ్వలేదు. రివాల్వరు మడత విప్పి, దీపం దగ్గరికి జరిపి, వెనక కొట్టే ముక్కను బొటనవేలితో గుంజి పట్టుకున్నాడు. దాన్ని వాళ్లు ఘోడా అంటారట. "చింతపండుకు గంత తాకతు లేదమ్మా. గిది చూడు. ఘోడాకు ముక్కు ఉండాలె. ఆ ముక్కు పోయి తూటా వెనక కొడితెనే పేలుతది. దీనికి ముక్కు లేదు."

"విరిగిందా?"

"విరగలె. కోసిండ్రు. కోసి, అరం పెట్టి నున్నగ రాకిండ్రు." ఉన్నట్టుండి ఆయన గొంతు మారింది. భూతద్దం మళ్లీ పెట్టాడు. "అరే... గీ రెండు చుక్కలు చూసినవా? మా బాపు మరమ్మత్తు చేసినదాని మీద గిట్లనే రెండు చుక్కలు కొడుతుండె. ఇది మా దుకాణంలనే అయిన పని. ఎవరో కావాలనే చేయించుకున్నరు. దీంతోని మిగిలిన ధర గూడ పాయె. పేలని రివాల్వర్‌ను ఎవడు కొంటడమ్మా?"

నేను బల్ల పట్టుకున్నాను. ఆయన కంగారుపడి స్టూలు తెప్పించాడు, చాయ్ తెప్పించాడు. చాయ్ చల్లారిపోయింది. నేనేం చూస్తున్నానో ఆయనకెట్లా తెలుస్తుంది? ఆ పాత గోడ మీద జింక కొమ్ములు. ఆ కొమ్ములను నేను చూశాను. ఈ దుకాణానికి నేను వచ్చాను!

అన్నం తినకుండా కొట్టంలో కూర్చున్న సాయంత్రం తరువాత మూడో నాలుగో రోజు. నాయిన నన్ను ఎడ్లబండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి ఎర్ర బస్సులో నగరానికి తీసుకుపోయాడు. రివాల్వరు సాఫు చేయించాలన్నాడు. దుకాణం నిండా కిరసనాయిలు వాసన, ఇనుప రజను వాసన. నాకు ఉస్మానియా బిస్కట్టు ఇచ్చి, జింక కొమ్ముల కింద కూర్చోబెట్టారు. తెల్ల గడ్డం మేస్త్రి నాయినను మళ్లీ మళ్లీ ఏదో అడిగాడు. "పటేల్ సాబ్, ఒక్కసారి కోస్తే మల్ల రాదు. ఇంత మంచి వస్తువ. జర సోచాయించు." నాయిన తల ఊపి తన కుడిచెయ్యి చూపించాడు. "ఈ చెయ్యి నా మాట వింటలేదు" అన్నాడు. పాపం చెయ్యి నొస్తుందేమో అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆముదం వెచ్చజేసి ఆ చేతికి రాస్తే, ఆయన కళ్లు మూసుకుని రాయించుకున్నాడు.

తిరుగు దారిలో బజార్లో ఆగి అన్నకు తోలు చెప్పులు కొన్నాడు. అవే చెప్పులు. అన్న గడప దగ్గర విడిచిన చెప్పులు. అంటే దుకాణానికి పోయింది ముందు, గడప దగ్గర జరిగింది తరువాత. గడప ముందు నిలబడి నొక్కినప్పుడు అది పేలదని నాయినకు తెలుసు! తెలిసే తూటాలు నింపాడు, తెలిసే చూపించాడు, తెలిసే రెండుసార్లు నొక్కాడు. ఇంతకాలం నా తల లోపల ఆ రెండు జ్ఞాపకాలూ పక్కపక్కనే పడి ఉన్నాయి. ఒక్కసారి కలిపి చూడలేదు. ఎంతమంది పిల్లలకు లెక్కలు చెప్పానో, నాకు ఒకటీ ఒకటీ కలపడం రాలేదు. అన్నిటికంటే గుండె ఆగింది ఇంకొకటి తలచుకుని. ఆ తరువాత పటేళ్లను తీసేసేదాకా పదిహేనేళ్లు ఆయన ఆ పనికిరాని ఇనుమునే నమ్ముకుని పోలీసు పటేలుగా తిరిగాడు. దొంగలు పడ్డారంటే దాన్నే పట్టుకుని ముందు నడిచాడు. ఎవడైనా ఎదురు తిరిగి ఉంటే?

"కొత్త ముక్కు బిగిస్తనమ్మా" అన్నాడు దుకాణం ఆయన మెల్లగా. "మల్ల పేలుతది. తెలిసినోళ్లు గుర్తుపడుతరు గని, కొంచెం ధర వస్తది." ఫోన్ చేసి చెప్తానని రివాల్వరు అక్కడే ఉంచి వచ్చాను.

మణికొండ దాకా క్యాబ్‌లో ఒకటే ఆలోచన. అన్నకు చెప్పాలా వద్దా? ఆయన బతుకంతా ఆ టక్కు మీదే నిలబడి ఉంది. డెబ్బై అయిదు దాటిన మనిషి, గుండెకు స్టెంటు. చెప్తే ఏమవుతాడు? చెప్పకపోతే నాయిన ఏమవుతాడు? మా ఊరు ఉన్నచోట ట్రాఫిక్‌లో ఆగాం. గుట్ట ఉన్నచోట నలభై అంతస్తులు, కింద కార్లు దూరే బిలం. అప్పుడు మా ఊళ్లో మనిషి ఇంటికి రాలేదంటే నలుగురు నాలుగు దిక్కులా వెతికేవారు. ఇప్పుడు ఫోన్‌లో చుక్క కదులుతూ కనిపిస్తుంది, సరే అనుకుంటాం. నాయిన మనసు ఎక్కడ పోయిందో మేమెవరం వెతకలేదు, చెప్పేద్దామని అక్కడే అనుకున్నాను.

అన్న బాల్కనీలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఉపోద్ఘాతాలు చేతకావు నాకు. దుకాణం, ముక్కు, రెండు చుక్కలు, చెప్పులు, వరసగా చెప్పేశాను.

అన్న కుర్చీ నా దిక్కు జరుపుకున్నాడు.

"మల్ల చెప్పు. చెప్పులు ఎప్పుడు కొన్నడు?"

"దుకాణం నుంచి వచ్చేటప్పుడు."

"తూటాలు చూపెట్టిండు గదనే!"

"నీకు చూపెట్టడానికే నింపిండు అన్నా."

అన్న లేచి రెయిలింగ్ పట్టుకున్నాడు. నాకు భయమేసి నేనూ లేచాను. ఇటు తిరక్కుండానే మాట్లాడాడు. "ఆ దినం నేను ఊరేగింపుకు పోలె చెల్లె."

"ఏంది?"

"పోలె. మొదటిసారి నొక్కినప్పుడు నడుస్తనే ఉన్న. రెండోసారికి కాళ్లల్ల బలం పాయె. గుట్ట దాకా పోయి బండ సందుల కూసున్న. లేవలేకపోయిన. ఆ దినం ఊరేగింపుల కాల్పులైనయి. నా పక్కన నడవాలసిన పోరడు దవాఖానల నెల దినాలున్నడు. నేనేమో బండ చాటుకు కూసొని ఏడ్సిన. గిది ఎవనికన్న చెప్పుకుంటనా? టెంట్ల ఎన్నిసార్లు చెప్పిన, సక్కగ పోయిన అని!"

నాయిన టక్కు అబద్ధం, అన్న ఊరేగింపు అబద్ధం. మధ్యలో నేనొక్కదాన్ని ఇద్దరినీ నమ్ముకుని ముసలిదాన్నయ్యాను.

"నాయినకు తెలుసు" అన్నాడు అన్న. ఇప్పుడు ఆయన గొంతు బొంగురు పోయింది, అప్పటిలాగే. "పొద్దు తిరిగినంక గుట్ట కాడికి వచ్చిండు. నెత్తికి రుమాలు లేదు. నన్ను చూసిండు. దగ్గరికి రాలె, పిలువలె. బండలు కాలుతున్నయి, నా కాళ్లు బొబ్బలెక్కినయి. నా చెప్పులు బండ మీద పెట్టి పోయిండు. నేనేమనుకున్ననే? సిగ్గుతోని వచ్చిండు, కాల్చినందుకు మొకం చూపెట్టలేక పోయిండు అనుకున్న. అయినా తొడుక్కున్న. ఆ చెప్పులతోనే నగరం పోయిన."

"నువ్వు ఊరేగింపుకు పోలేదని ఎవరికీ చెప్పలేదు ఆయన."

"అమ్మకు గూడ చెప్పలె. నేను మొగోని లెక్క ఊరంత చెప్పుకుంట తిరుగుతుంటే విన్నడు. నా కొడుకు ఆగలె అని చావడిల ఆయనే చెప్పిండట." అన్న కుర్చీలో కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆయన కుడిచెయ్యి పట్టుకుని నిమిరాను. ఇంకేం చెయ్యగలను?

లైట్లు వేశాక అడిగాడు, ముక్కు కొత్తది బిగిస్తే ధర వస్తదట గదా, ఏమన్నవు అని. ఫోన్ చేస్తానన్నానని చెప్పాను. "ఇప్పుడే చెయ్యి. ముట్టుకోవద్దని చెప్పు" అన్నాడు. దుకాణం ఆయన నిజంగనేనా అని రెండుసార్లు అడిగాడు. అమ్మా, పసుపన్నా కడిగియ్యనా అని కూడా అడిగాడు. వద్దన్నాను.

మొన్నటి ఎన్నికలకు మళ్లీ దాన్ని సంచిలో వేసుకుని స్టేషన్‌కు పోయాను. ఈసారి అన్న కూడా వచ్చాడు, పట్టుబట్టి సంచి ఆయనే పట్టుకున్నాడు. కానిస్టేబుల్ రాసుకుంటూ, తల ఎత్తకుండానే, అలవాటు ప్రకారం అడిగాడు.

"ఇది పని చేస్తదా మేడం?"

నేను నోరు తెరిచే లోపల అన్న జవాబిచ్చాడు.

"ఒక్కసారి చేసింది బిడ్డా."